పచ్చ నూలు

ఆయన చనిపోయిన వారంలో పుదుచ్చేరి కోసపాళయం మలుపులో పార్టీవాళ్లు పెద్ద బ్యానరు కట్టారు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, ఎప్పుడో ఎన్నికలప్పుడు తీసిన నవ్వుమొహం. కింద తమిళంలో ఒక వాక్యం. స్కూటరు ఆపి చదివాను. "తన తప్పును సభలో ఒప్పుకున్న పెద్దమనిషి" అని ఉంది. సంతాపసభలో ఆయన పార్టీవాళ్లూ అదే అన్నారు, ఆయన్ని జీవితమంతా ఎగతాళి చేసిన అవతలి పార్టీవాళ్లూ అదే అన్నారు. తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి అని ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన ఒప్పుకున్న తప్పు ఆయనది కాదు. నాది. ఇది రాయడానికి కారణం అంతే.

నేను పుదుచ్చేరి కిందే ఉన్న గోదావరి ఒడ్డు యానాం నుంచి వచ్చినవాణ్ణి. సర్కారు గుమాస్తాగిరీలో ఉండగా శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడైన ఈయన దగ్గర సహాయకుడిగా వేశారు. దానికి కారణం ఉంది. ఆయనది తరాల కిందట పుదుచ్చేరికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. యానాం జనం రాసుకొచ్చే అర్జీలు చదివి వినిపించడానికి మనిషి కావాలి. మొదటిరోజే "ఏంది యానాం, నీ తెలుగు రేడియోలో వచ్చే తెలుగు మాదిరి ఉండాది" అని నవ్వాడు. అప్పటినుంచి నా పేరు యానామే. సార్ అనబోతే, "ఇంట్లో సారేంది? అన్నా అను" అన్నాడు. అన్నా అని పిలుస్తూనే చివర అండీ తగిలించేవాణ్ణి. "అన్నా అంటావు, అండీ అంటావు, ఏదో ఒకటి తేల్చుకోరా" అనేవాడు.

నేను మాటల విషయంలో జాగ్రత్తగా ఉండేవాణ్ణి. ఆ ఇంట్లో చేపల్ని మీను అంటారు, మినుముల్ని ఉళుందు అంటారు, శాసనసభను సట్టసబ అంటారు. తెలియని మాట వస్తే అడిగి తెలుసుకునేవాణ్ణి. తెలియని మాటలు నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు.

ఆయన చేతిసంచీలో కాగితాల కన్నా ముందు ఒక స్టీలు గ్లాసు ఉండేది. ఏ కొట్లోకి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా పిడికెడు పప్పో, గింజలో అందులో వేసి నీళ్లు పోసేవాడు. కాసేపు ఆగి వెలుతురు పక్కకు వంచి చూసేవాడు, రంగేమైనా దిగిందా అని. బియ్యం మూట కనిపిస్తే మోచేతిదాకా చెయ్యి దూర్చి, బయటికి తీసి వాసన చూసుకునేవాడు. పెద్ద మార్కెట్లో ఆయన అడుగు పెట్టగానే, "ఎమ్మెల్యే వస్తాండు, నీళ్లు దాచండ్రా!" అని ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు కేక వెళ్లేది. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వుతూనే గ్లాసు తీసేవాడు.

ఒక పెళ్లికి వెళ్లాం. పెళ్లికొడుకు తాళి కడుతున్నాడు, ఈయన కనిపించడం లేదు. వెతికితే వంటల పాకలో ఉన్నాడు, వంటమేస్త్రిని నిలబెట్టి పసుపు ఎక్కడ కొన్నావని అడుగుతున్నాడు. పిల్ల తండ్రి పరుగున వచ్చి చేతులు జోడించాడు.

"అన్నా, ఇది పెండ్లి. సట్టసబ కాదు."

"పెండ్లిలోనే గదబ్బా జనం ఎక్కువ తినేది!"

ఆయన కోపం ఆయనకే అర్థం కాదని నాకు మొదట్లో అనిపించేది. రైతు మందు ఎక్కువ కొట్టాడని రైతుమీద అరిచేవాడు. ఆ రైతుకే గిట్టుబాటు రాలేదని మధ్యాహ్నం వ్యాపారిమీద అరిచేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి వ్యాపారికి బ్యాంకు అప్పు ఇవ్వలేదని ఫోనులో ఇంకెవరిమీదో అరిచేవాడు. "మీరు ఎవరి పక్షమండీ?" అని ఒకసారి అడిగేశాను. ఆయన ఇడ్లీ తుంచుతున్నాడు. ఆ ముక్క పైకెత్తి చూపించాడు. "దీని పక్షం. ఇది నోట్లోకి పోయేముందు ఎవుడెవుడి చేతుల్లో నుంచి వచ్చిందో వాళ్లందరితో నాకు జగడం ఉండాది."

ఆ ఇడ్లీతోనే మొదలైంది.

బాహూరు వైపు మినుములు పండించే రైతులు వచ్చారు ఒకరోజు. పంట చేతికొచ్చే వేళకు బయట పప్పు ఇంత చౌకగా ఎలా దొరుకుతోందో తెలియడం లేదు, మా గింజ అడిగేవాడు లేడు అన్నారు. ఆయన చాలా చోట్ల తిరిగాడు. చివరికి సేదరపేట్‌లో ఒక పప్పుల గిడ్డంగిలో కూలికి పోయే ఆమె ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి. వేళ్ల చివర చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. చేతులు కొంగుకింద దాచుకుని తమిళంలో చెప్పింది. విత్తనం కోసం రంగు కలిపిన విషమందు పట్టించిన మినుములు అమ్ముడుపోక మిగిలితే వాటిని అక్కడికి తెస్తున్నారట. కడిగి, ఎండబెట్టి, పొట్టు తీసి, మంచి పప్పులో కలుపుతున్నారట. కడిగేది ఆమే. పొట్టు పోయాక ఏ గ్లాసులో వేసినా రంగు కనిపించదు. ఏది కలిపిన సరుకో పనివాళ్లు మాత్రం పోల్చుకోగలరు. ఆ మూటల మూతి వేరే రంగు నూలుతో కుడతారు.

ఆయన మొహం నల్లబడింది. "దీన్ని బళ్లల్లో పిల్లోళ్ల భోజనానికి గూడా పంపతాండారా?" అని అడిగాడు. ఆమెకు తెలియదు. లారీ ఎక్కిస్తామంతే అంది.

ఆయన వెళ్తే గిడ్డంగి తలుపు తియ్యరు. ఆమె చేత తెప్పిస్తే ఆమె బతుకు పోతుంది. సరుకు కొన్నవాడు ఎవడైనా పరీక్షకు పంపుకోవచ్చని చట్టం ఉంది. నన్ను పంపించాడు. "యానాంలో హోటలు పెడతా ఉండానని చెప్పు. నీ రేడియో తెలుగు వింటే ఎవుడైనా నమ్మతాడు. పచ్చ నూలు కుట్టిన మూటలో నుంచే తీసుకో. పచ్చ నూలు, మర్చిపోవద్దు."

నేను మర్చిపోలేదు. గిడ్డంగిలో తెల్ల నూలు కుట్టిన మూటలు గోడదాకా పేర్చి ఉన్నాయి. ఒక పక్క పసుపురంగు నూలు మూటలు, ఇంకో పక్క ఆకుపచ్చ నూలు మూటలు. రెండింటినీ చూశాను. మా ఊళ్లో పచ్చ అంటే పసుపు. పచ్చ చీర అంటే పసుపురంగు చీర, పచ్చ చొక్కా అంటే పసుపురంగు చొక్కా. చెట్ల ఆకుల రంగు కావాలంటే ఆకుపచ్చ అని విడమరిచి చెప్తాం. నేను ఒక్క క్షణం కూడా తడబడలేదు. పసుపు నూలు మూట దగ్గరికి వెళ్లి, ఇందులోంచి ఇమ్మన్నాను. ఆ ఆకుపచ్చ మూటలకు ఆనుకుని నిలబడే తూకం వేయించుకున్నాను.

ఫలితం రాకముందే సభలో ఆయన నోరు జారాడు. పప్పుల ధరమీద చర్చ జరుగుతుంటే ఈ సంగతి ఎత్తాడు. మంత్రి లేచి, "ఆధారం ఉందా, లేక గ్లాసులో కనిపించిందా?" అన్నాడు. సభ నవ్వింది. ఆయనకు రోషం వచ్చింది. "పరీక్షకు పంపించాను. నా మాట తప్పయితే ఇదే సభలో నిలబడి క్షమాపణ అడుగుతాను" అన్నాడు. పైన గ్యాలరీలో ఉన్న నాకు గర్వంగా అనిపించింది. ఆ పప్పు తెచ్చినవాణ్ణి నేను.

ఫలితం వచ్చింది. పప్పు శుభ్రంగా ఉంది.

ఆయన ఆ కాగితం పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. నన్ను పిలిచి, "పచ్చ నూలు మూటే గదా?" అని అడిగాడు. "ఆయ్, పచ్చదేనండి" అన్నాను. ఆ రోజు నేను చెప్పింది నేను నమ్మిన మాట. "సరి" అన్నాడు. కాసేపటికి, "యాడో తప్పింది" అన్నాడు, నాతో కాదు.

క్షమాపణకు ముందురోజు ఆయన ఊళ్లో లేడు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆమె, కుట్టుమిషను ముందు కూర్చుని లోపలినుంచి కేకేసింది. "తమ్ముడూ, బజారుకు పోతే పచ్చ నూలుకండె ఒకటి తే." తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, పడీపడీ నవ్వింది.

"ఏంది తమ్ముడూ, పచ్చ తెమ్మంటే మంజ తెచ్చినావు? కళ్లకేమొచ్చింది నీకు?"

"ఇది పచ్చేగా అక్కా."

"ఇది మంజ! మంజంటే పసుపు. మీ ఊర్లో మంజని పచ్చంటారా? మళ్లా పచ్చనేమంటారు?"

"ఆకుపచ్చ అంటాం."

"అయ్యో, ఆకుండే పచ్చ ఒకటి, ఆకు లేని పచ్చ ఒకటినా!" వంటింట్లోని పనిమనిషిని పిలిచి మరీ చెప్పి నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వు మొహంమీద ఉండగానే గిడ్డంగి కళ్లముందుకొచ్చింది. ఆ కూలిమనిషి చెప్పింది తమిళంలో, పచ్చై నూల్. ఆయన నాకు చెప్పింది తెలుగులో, పచ్చ నూలు. మాట ముగ్గురి నోళ్లలోనూ ఒకటే. రంగు ఒక్క నా దగ్గరే మారింది.

అప్పటికింకా చెయ్యి దాటిపోలేదు. ఆ ఆకుపచ్చ నూలు మూటలు ఇంకా గిడ్డంగిలోనే ఉన్నాయని, ఫలితం చూసి యజమాని నిశ్చింతగా ఉన్నాడని కూలిమనిషి ముందురోజే కబురు పంపింది. ఒక్క ఫోను చేస్తే చాలు. ఆయన సభలో గడువు అడిగేవాడు, రెండోసారి సరుకు తెప్పించేవాడు. ఫోను చేతిలో పట్టుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లాను. రంగు తెలియని వెధవ అని ఊరంతా చెప్పుకుంటారనిపించింది. ఉద్యోగం పోతుందనిపించింది. వాటిలోనూ ఏమీ ఉండదేమో, ఆ ఆడమనిషి చెప్పింది అబద్ధమేమో అని కూడా అనుకున్నాను. ఆ చివరిది అనుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను చూసుకోలేను. ఫోను జేబులో పెట్టుకుని ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు కారులో ఆయన కిటికీ వైపు చూస్తూ మళ్లీ అడిగాడు. "యానాం, ఇంకొక్కసారి అడగతాను, ఏమనుకోబాక. పచ్చ నూలు మూటే గదా?"

"పచ్చదేనండి."

అవే మాటలు. మొదటిసారి అవి పొరపాటు. రెండోసారి నేను నా ఊరి భాష చాటున దాక్కున్నాను.

సభలో ఆయన లేచి నిలబడ్డాడు. తువ్వాలు భుజంమీద నుంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. ఒక వ్యాపారి పేరుకు మచ్చ తెచ్చాను, మన్నించమంటున్నాను అని తమిళంలో అన్నాడు. కూర్చుని ముందున్న మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. అలవాటుకొద్దీ దాన్ని వెలుతురుకు వంచి చూశాడు. ఎవరో, "పప్పేమైనా కనిపిస్తోందా?" అన్నారు. సభాపతి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆయన ఆ నీళ్లు తాగకుండా కింద పెట్టేశాడు.

తర్వాత ఆయన తిండి గురించి నోరు తెరిస్తే చాలు, "మళ్లా మన్నిప్పు అడగాల్సొస్తుంది, జాగ్రత్త" అనేవాళ్లు. పురుగుమందుల మీద అడిగినా అదే, ఎరువుల మీద అడిగినా అదే. బాహూరు రైతులు రావడం మానేశారు. వాళ్లలో ఒక ముసలాయన మాత్రం వచ్చి, "నువ్వు మాకోసం మాట్లాడబాకప్పా, అదే మాకు మేలు" అని చెప్పి వెళ్లాడు. తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. ఆ మూటలు లారీలెక్కి ఎక్కడెక్కడికి పోయాయో, ఎవరి ఇళ్లలో నానబోసుకున్నారో ఎవరికీ తెలియదు.

గిడ్డంగిలో మాట బయటికి చేరేసిందెవరో యజమాని కనిపెట్టాడు. క్షమాపణ జరిగిన వారంలోనే ఆమె పని పోయింది. ఒక ఉదయం ఆయన ఇంటి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఈసారి చేతులు దాచుకోలేదు.

"అన్నా, నేను చెప్పింది అబద్ధమా?"

ఆయన గేటుదాకా నడిచి వెళ్లాడు. "నువ్వు చెప్పింది నిజం. యాడో తప్పింది" అని తమిళంలో చెప్పాడు. వాళ్లిద్దరి పక్కన, చేతికందే దూరంలో, కారు తాళాలు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

ఆ మాట ఆయనకు ఊతపదమైపోయింది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు. "యాడో తప్పింది." వేరే శాఖకు మారిపోయాక కూడా అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేవాణ్ణి. గ్లాసు సంచీలోనే ఉండేది, బయటికి తీసేవాడు కాదు. ఒకసారి మార్కెట్లో దూరం నుంచి చూశాను. ఒక మూట ముందు నిలబడి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి లాక్కున్నాడు. కొట్టువాడు జాలిగా, "చూసుకో అన్నా, ఏం కాదు" అన్నాడు. ఎగతాళిని నవ్వుతూ దాటేసిన మనిషి ఆ జాలి ముందు నిలబడలేకపోయాడు. గబగబా వెళ్లిపోయాడు. చెప్పెయ్యాలని ఆ రోజు ఆయన వెనకే వీధి చివరిదాకా నడిచాను. నన్ను చూసి, "ఏంది యానాం, బాగుండావా? పిల్లోళ్లు తింటా ఉండారా?" అన్నాడు. ఆయన కుశలం అడిగే పద్ధతే అది, అందరినీ తింటున్నారా అనే అడుగుతాడు. తింటున్నారండి అని చెప్పి తిరిగొచ్చేశాను.

బ్యానరు చూసిన రోజు తిన్నగా వాళ్లింటికి వెళ్లాను. అక్క వంటింటి గడపలో కూర్చుని పప్పు కడుగుతోంది. ఒకసారి కడిగి పారబోసింది, మళ్లీ కడిగింది, మళ్లీ కడిగింది. ఆయన నేర్పిన అలవాటు. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"అక్కా, నూలుకండె గుర్తుందా?"

మొదట అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. గిడ్డంగి, మూటలు, సముద్రం ఒడ్డు, కారులో చెప్పిన మాట. చెప్తుంటే ఆమె చేతులు ఆ నీళ్లలోనే ఉండిపోయాయి.

"ఆ పొద్దు నేను నవ్వినాను" అంది చివరికి. "నవ్వి ఊరికే ఉండిపోయినాను. రాత్రి ఆయన ఊరినుంచి వచ్చినాక చెప్పుంటే ఆయనకు తట్టుండును."

"నీ తప్పేముంది అక్కా?"

"పొయ్యే ముందు గూడా అదే మాట, తమ్ముడూ. మందుల మత్తులో. యాడో తప్పింది, యాడో తప్పింది అని."

"ఈడక్కా" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ ఇంటి తెలుగు నా నోట వచ్చింది. "ఈడ తప్పింది. నా దగ్గర."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఇదంతా రాస్తానన్నాను, అందరికీ తెలిసేలా. ఏ భాషలో అంది. తెలుగులో అన్నాను. "మా ఇంట్లో ఎవురికి చదవను వస్తుంది? ఆయనకే రాకపాయె. ఆ బ్యానరు కట్టినోళ్లకు వస్తుందా?" అంది. మళ్లీ నా భాష చాటునే దాక్కుంటున్నానని ఆమె అనలేదు, నాకే వినిపించింది. తమిళంలో కూడా రాయిస్తానని మాటిచ్చాను. ఆమె తలూపి, "రాసేది తర్వాత. ఆయన పొయినాడు, ఆ గిడ్డంగి ఆయమ్మ ఉండాది గదా. ముందు పొయి ఆమెకు చెప్పు" అంది.

ఆయమ్మ ఇప్పుడు వీరాంపట్టినంలో కూతురి దగ్గర ఉంటోంది. మర్నాడు వెళ్లాను. దారి పొడుగునా ఒకే వాక్యం తమిళంలో కూడబలుక్కున్నాను. ఇంటిముందు గోనెపట్టా మీద కూర్చుని ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను పోల్చుకుంది. వేళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. నిలబడే చెప్పాను. మీరు చెప్పింది నిజం, మీరు పచ్చ అన్నారు, నేను మంజ తెచ్చాను.

అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. ఆకుపచ్చ మూటల్లో నిజంగా విషం ఉందో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. ఆయన చెప్పింది నిజమని నేను రుజువు చెయ్యలేను. తప్పని రుజువు చేసిన ఆ పరీక్ష మాత్రం వేరే మూటకు జరిగింది. ఇంతే నా సాక్ష్యం.

ఆమె చేతిలోని చేపను పట్టా మీద పెట్టింది. తర్వాత తలెత్తి అడిగింది.

"అన్న విన్నారా, ఈ మాట?"

"లేదమ్మా."

"మరి నాకెందుకు చెప్తున్నావు?" అని, ఒక్కొక్క చేపనూ మళ్లీ తిరగేయడం మొదలుపెట్టింది.